పాలసీకి పరస్థానం

సాలమోను లారీ కింద వెల్లకిలా పడుకుని, ముందు చక్రం పక్కన ఇనప దూలం మీద పేరుకున్న మడ్డిని డీజిలు గుడ్డతో తుడుస్తున్నాడు. ఛాసిస్ నంబరు ఆ మడ్డి కిందే ఉంటుంది. తుడిచాక తెల్లకాయితం అదిమిపట్టి పైన పెన్సిలుతో రుద్దితే అంకెలూ అక్షరాలూ ఒక్కొక్కటే తేలతాయి. చిన్నపిల్లలు రూపాయి బిళ్ల మీద కాయితం పెట్టి ఆడుకునే ఆటే. సాలమోను మాత్రం ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆడుతున్నాడు, చొక్కా వీపంతా నల్లగా చేసుకుని, ఆ చొక్కాల గురించి ఇంట్లో మాటలు పడుతూ.

ఈ లారీ పాలసీ గడువు దాటి తొమ్మిది రోజులైంది. గడువు లోపల కట్టి ఉంటే మంచం మీద కూర్చుని ఫోన్లో ముగించే పని. దాటిన తర్వాత బండిని కళ్లారా చూసి, ఫోటోలు తీసి, ఈ పెన్సిలు ముద్ర పంపితేగానీ కంపెనీ ఒప్పుకోదు. ఎందుకు దాటిందయ్యా అంటే, మూఢంట. నిన్ననే వెళ్లిందిట.

అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరికాయల లారీలకు ఇన్సూరెన్సు కట్టించే ఏజెంటు సాలమోను. యాభై తొమ్మిదేళ్లు. పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైనవాడిలా ఉంటాడు. చర్చిలో సంఘపెద్ద. చేతిసంచిలో మాత్రం పంచాంగం ఉంటుంది. ఏటా ఉగాదికి కొత్తది కొంటాడు. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం నోటికొచ్చు. పాస్టరుగారు ఒకసారి అది చూసి, ఇదేమిటి సాలమోనుగారూ అంటే, "మా కస్టమర్ల సెలవుల పట్టికండి" అని చెప్పాడు.

ఆ లారీ పని ముగించుకుని సాలమోను పదిన్నరకి శివనాగరాజు లారీ దగ్గరికి చేరాడు. శివనాగరాజుకి ఉన్నది ఒకటే లారీ. ఓనరూ తనే, డ్రైవరూ తనే. నాగపూర్‌కి కాయలు ఎక్కుతున్నాయి. సాయంత్రం అయిదింటికి బయల్దేరతాడు. పాలసీ ఈ రాత్రి పన్నెండింటితో ఆఖరు. అంటే బండి విజయవాడ దాటేసరికి ఇన్సూరెన్సు లేని బండైపోతుంది.

నెల్లాళ్లుగా గుర్తు చేస్తున్నాడు సాలమోను. ఎప్పుడు ఫోను చేసినా "ఆయ్, కట్టేద్దామండి" అనే జవాబు. ఇవాళ తేలిందేమిటంటే, డబ్బు సిద్ధంగానే ఉంది. కుదరనిది తిథి.

"ఇవాళ సప్తమి, బండి కదలడానికి బ్రహ్మాండంగా ఉందండి," అన్నాడు శివనాగరాజు, టార్పాలిన్ తాడు బిగిస్తూ. "కొత్త పాలసీ మొదలయ్యేది పన్నెండింటికి కదండీ? రాత్రి తొమ్మిదీ పన్నెండుకే అష్టమి వచ్చేత్తందండి. రేపు అష్టమి, ఎల్లుండి నవమి. ఆదివారం దశమి. లేవగానే కట్టేత్తాను."

"ఈ రెండ్రోజులూ బండి రోడ్డు మీదే కదా నాగరాజూ?"

"నిదానంగా తోల్తానండి."

సాలమోను రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. సూర్యోదయం దాకా మీ లెక్కన గురువారమే కదా అని వాదించి చూశాడు. వారం గురువారమేగానీ తిథి మారిపోతుందని శివనాగరాజు వినయంగా దిద్దాడు. పోనీ ఆదివారం బండి నాగపూర్‌లో ఉంటుంది, గడువు దాటిన బండిని చూడకుండా కంపెనీ పాలసీ ఇవ్వదు, నన్ను నాగపూర్ వచ్చి లారీ కింద దూరమంటావా అని అడిగాడు. ఛార్జీలు తను పెట్టుకుంటానన్నాడు శివనాగరాజు. అందులో వెటకారమేమీ లేదు. అదే సాలమోను ఒళ్లు మండించింది.

పన్నెండేళ్ల కిందట ముసలయ్య అనే ఓనరు ఇలాగే అమావాస్య వెళ్లనివ్వమన్నాడు. ఒక్క రోజే కదా అని సాలమోను ఊరుకున్నాడు. ఆ ఒక్క రోజులోనే హైవే మీద ముసలయ్య లారీ ఒక మోటారుసైకిలును గుద్దింది. మనిషి పోయాడు. కోర్టు వేసిన పరిహారానికి లారీ పోయింది, ఎకరం కొబ్బరితోట పోయింది. ముసలయ్య ఇప్పుడు పరాయి తోటలో కాయలు ఒలుస్తున్నాడు. బజార్లో కనబడితే అతనే ముందు నమస్కారం పెడతాడు. మీరు ఆ రోజు గట్టిగా చెప్పవలసిందండీ అని ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండునని సాలమోను పన్నెండేళ్లుగా చూస్తున్నాడు. ఆ తర్వాత తన చేతిలో ఉన్న బండి ఏదీ ఒక్క పూటయినా పాలసీ లేకుండా ఊరు దాటలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. చింతచిగురూ ఎండురొయ్యల కూర. మామూలు రోజైతే మూడుసార్లు వడ్డించుకునేవాడు. ఇవాళ ఎడమ భుజం నొక్కుకుంటూ మెతుకులు కెలుకుతున్నాడు. ఈ వయసులో లారీల కింద దూరితే పట్టెయ్యదా అని భార్య దానమ్మ విసుక్కుంది. స్కూలు టీచరుగా చేసి ముందుగానే రిటైరైన మనిషి. ఎవరు తప్పు చెప్పినా దిద్దకుండా ఉండలేదు. సంగతంతా విని మజ్జిగ గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"రేపు దుర్దినమని తెలిస్తే ఇవాళే మంచి గడియ చూసుకుని, మూట తీసుకెళ్లి పరాయింట్లో పెట్టి వస్తారు కదా, ప్రయాణం మొదలైపోయినట్టే అని. ఆ పాలసీకి కూడా ఓ పరస్థానం పెట్టుకోమనండి. వదిలిపోద్ది."

సాలమోను ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. ఎడమచేత్తో ఫోను అందుకున్నాడు.

అవతల శివనాగరాజు అంతా విని, తల్లినడిగి చెబుతానన్నాడు. పావుగంటకి తల్లి తీర్పు వచ్చింది. సప్తమి ఘడియల్లో గడప దాటిన పాలసీకి అష్టమి దోషం అంటదు. కాకపోతే రాహుకాలం వెళ్లాక, మూడు దాటాక పెట్టాలి. పరాయింట్లో పెట్టాలి. పాలసీ ఏ దిక్కుకి ప్రయాణిస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి తూర్పు ఖాయం చేశారు. వాళ్లింటికి తూర్పున, కాలవ అవతల, అడిగితే కాదనని ఇల్లు ఒకటే. సాలమోనుది.

"మా అమ్మమ్మ రోజుల్లో ఆ వీధి వాళ్లు మన గుమ్మంలో మంచినీళ్లు ముట్టేవారు కాదు," అంది దానమ్మ, కంచం తీస్తూ. "ఇప్పుడు ముహూర్తాలు మనింట్లో పెడుతున్నారు. కానివ్వండి."

మూడూ పదికి శివనాగరాజు తలస్నానం చేసి వచ్చాడు. పసుపు గుడ్డలో గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, వక్క, పాత పాలసీ జిరాక్సు. అన్నీ కలిపి రెండు ముళ్లు వేసిన మూట. వసారాలో సాలమోను కూర్చునే పేము కుర్చీని తూర్పుకి తిప్పి, అందులో పెట్టాడు. సాలమోను ఫోన్లో వివరాలన్నీ నింపి నొక్కాడు. శివనాగరాజు ఫోనుకి ఓటీపీ వచ్చింది. అతను అప్పుడే కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నాడు. దణ్ణం పూర్తయ్యేసరికి ఓటీపీ చచ్చిపోయింది. సాలమోను పళ్లు కొరుక్కుంటూ మళ్లీ పంపించాడు. రెండోసారి శివనాగరాజు ఆరంకెలూ మంత్రంలా ఒక్కొక్కటీ విడదీసి చదివాడు.

మూడూ నలభై ఒకటికి పాలసీ వచ్చింది. సాలమోను కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెర మీద వేలు ఆనించి, పేరూ బండి నంబరూ ఇంజను నంబరూ తేదీలూ చదువుకున్నాడు. ఈ రాత్రి పన్నెండు నుంచి, ఏడాది. ఒక్క నిమిషం ఖాళీ లేదు.

"పన్నెండు దాకా మూట కదపకండేం," అన్నాడు శివనాగరాజు మెట్లు దిగుతూ. "మీరు కూడా ఆ కుర్చీలో కూర్చోకండి."

"నా ఇంట్లో నా కుర్చీకి కూడా నువ్వే ముహూర్తం పెట్టేవా?"

"ఆయ్," అన్నాడు శివనాగరాజు, నవ్వకుండా.

అయిదూ ఇరవైకి వంతెన మీద నుంచి లారీ హారను రెండుసార్లు వినిపించింది. శివనాగరాజుదేనని దానమ్మ వంటింట్లోంచి చెప్పింది. సాలమోను ఊఁ అన్నాడు. కుర్చీ లేకపోవడంతో వసారాలో గోడవార మడతమంచం వాల్చుకుని పడుకున్నాడు. ఏడింటికి ప్రార్థన కూడిక ఉంది, ఆరింటికి లేపమన్నాడు.

ఆరింటికి ఆవిడ టీ తెచ్చింది. సాలమోను చెయ్యి ఒకటి గుండె మీద, రెండోది మంచం పట్టీ మీదనుంచి కిందికి వేలాడుతోంది. లెగండి, టైమైంది అంది. మళ్లీ అంది. మూడోసారి అనలేదు. టీ గ్లాసు నేల మీద పెట్టి, వేలాడుతున్న చేతిని ఎత్తి మంచం మీద సర్ది, దాన్ని వదలకుండా పక్కనే నేల మీద కూర్చుంది. టీ మీద తెట్టు కట్టాకగానీ ఎవరినీ పిలవలేదు.

ఎనిమిదింటికి వసారా నిండిపోయింది. కూడికకి వచ్చినవాళ్లు ఇటే వచ్చేశారు. లారీ ఓనర్లు వచ్చారు. ముసలయ్య వచ్చి, తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చర్చి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు చాలలేదు. పాస్టరుగారు నిలబడే ఉన్నారని ఎవరో పేము కుర్చీలో మూట తియ్యబోయారు.

"దాన్ని కదపకండి," అంది దానమ్మ. "పన్నెండు అవ్వాలి."

చెయ్యి చాపిన మనిషి వెనక్కి తగ్గాడు. పాస్టరుగారు గోడకి ఆనుకుని నిలబడ్డారు. తూర్పు ముఖంగా పేము కుర్చీలో పసుపు మూట ఒక్కటే కూర్చుని ఉంది, రెండు ముళ్ల మధ్య నుంచి జిరాక్సు కాయితం కొస ఒకటి బయటికి పెట్టుకుని.