మంగి ఇంకా లోపలే ఉంది

పొద్దున్నే రెండు డబ్బాలు సర్దుతాను. పెద్దది బావది, చిన్నది నాది. నేను పోపు వేస్తుండగానే మా అత్త దేవుడమ్మకి వేణ్ణీళ్ళు కావాలి, బావకి ఇస్త్రీ చొక్కా కావాలి. నూనె చింది చెయ్యి కాలితే, చూసుకోవద్దా సంతోషీ అంటారు. పోనీలే, నీ పని అయ్యాకే ఇద్దువుగాని అని మాత్రం ఎవరూ అనరు.

కిరందుల్ దగ్గర ఇనుపరాయి పగలగొట్టే ప్లాంటులో మేమిద్దరం పనిచేస్తాం. బావ, అంటే నా మొగుడు శ్యామ్‌ప్రసాద్, కంట్రోల్ రూములో ఉంటాడు. నాది ఆ రాయిని మోసే బెల్టుల రిపేరు పని. బెల్టు కిందికి దిగేముందు కరెంటు ఆపించి, స్విచ్చికి నా పేరున్న తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటాను. నేను తీసేదాకా పెద్దాఫీసరైనా దాన్ని తిప్పలేడు. మొదటిసారి అలా తాళం వేసిన రోజు, అంత యంత్రమూ నా చేతుల కోసం ఆగిపోయింది. ఎర్రదుమ్ములో, ఎవరూ నన్ను పిలవని ఆ నిశ్శబ్దంలో కూర్చుంటే ఎందుకో ఏడుపొచ్చింది. పెళ్ళయిన కొత్తలో నేను షిఫ్టు దిగి రాగానే బావ నా వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసేవాడు. ఎప్పుడు మానేశాడో గుర్తులేదు. బెల్టు కిందికి దిగినప్పుడల్లా ఆ వేళ్ళ స్పర్శే గుర్తొస్తుంది.

కిందటి వారం మంగి లోపల రోలరు బోల్టులు బిగిస్తోంది. ఆమెది పక్క ఊరే, కాంట్రాక్టు మనిషి. తనకి వేరే తాళం ఇవ్వలేదు, ఇద్దరికీ నాదే. నేను పానా కోసం బయటికొచ్చాను. అప్పుడే రేడియోలో బావ పిలిచాడు. రైలు లోడింగుకి నిలబడి ఉంది, మిగతాది తర్వాత చూసుకోవచ్చు, తాళం తియ్యమన్నాడు. మంగి ఇంకా లోపలే ఉందన్నాను. మళ్ళీ తియ్యమన్నాడు. తియ్యనన్నాను.

"ఇంట్లో పెత్తనం ఇక్కడ సెయ్యకు" అన్నాడు.

రేడియో సెట్లు పట్టుకున్న వాళ్ళందరూ విన్నారు. ఎవరో నవ్వారు. జేబు మీద చెయ్యి పెట్టుకుని, మంగి పైకొచ్చేదాకా స్విచ్చి ముందే నిలబడ్డాను.

మొగుడి మాట పదిమందిలో తీసేశావంది అత్త. బావ మాట్లాడటం మానేశాడు. తర్వాత ఓ సాయంత్రం అన్నాల దగ్గర చెప్పాడు, ఆఫీసరుతో మాట్లాడాడట, సోమవారం నుంచి నేను స్టోరులో కూర్చోవాలట. నా సేఫ్టీ కోసమేనట.

ఆ మాటకి నా సిగ్గులేని మనసు కాస్త ఆశపడింది. "మంగి లోపలుందని సెప్పేను. ఇన్నావా బావా?" అని అడిగాను.

"ఇన్నాను. నువ్వు బయటే ఉన్నావు గదేటి" అన్నాడు, అన్నం కలుపుకుంటూ.

ఎంగిలి కంచాలు తీస్తూ ఆ మాటనే తలుచుకున్నాను. అందులో నేనున్నాను. మంగి లేదు. ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసింది ఈ ప్రేమ కోసమేనా అనిపించింది.

సోమవారం స్టోరుకి వెళ్ళలేదు. మంగికి తాళం ఇచ్చేదాకా ఇద్దరం దిగేది లేదని సూపర్‌వైజరుకి చెప్పి, బెల్టు పక్కనే కూర్చున్నాను. ఉద్యోగం సంగతి చూసుకో అని గొణిగాడు, కానీ మధ్యాహ్నానికి తాళం పంపించాడు. మంగి దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "మేరా?" అంది హిందీలో. నీదే అన్నాను. నా తాళం పక్కన వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని, కొంగు నడుముకి గట్టిగా బిగించుకుంది.

దిగాం. కాసేపటికి రేడియోలో బావ గొంతు, బెల్టు ఎప్పుడిస్తారని. లోపల ఎవరున్నారని కూడా అడుగుతాడేమోనని సెట్టు చెవికి ఆనించుకున్నాను. గరగర తప్ప ఏమీ వినిపించలేదు.

"మేమిద్దరం లోపలే ఉన్నాం" అన్నాను.