కర్ర షాఫ్టు

రంపం మిషను వడ్రంగి కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిల్చింది. గాయం మానేసరికి తెలిసినవాళ్లందరికీ అతని మీద జాలి ముదిరిపోయింది. చొక్కా గుండీ పెట్టుకోబోతే ఒకరు, చెప్పు తొడుక్కోబోతే ఒకరు ముందుకు వంగుతారు. అతను పళ్లు నూరుతాడు. ఈ సాయంలో అందరికన్నా ముందుండేది సొంత తమ్ముడే. తను గుమాస్తాగా ఉన్న కలప అడితిలో అన్నకి గేటు దగ్గర ఉద్యోగం మాట్లాడి మరీ వచ్చాడు.

"అక్కడ ఏ పనీ ఉండదన్నయ్యా. వచ్చేపోయే బండ్లని చూస్తూ కూర్చోవడమే."

"ఏ పనీ లేని పని నాకెందుకురా?" అన్నాడు వడ్రంగి.

అతనికో పాత జీపు ఉంది. కొండదారిలో దుంగలు మోసి మోసి దాని ట్రాన్స్‌ఫర్ కేసు అరిగిపోయింది. గేరుబాక్సు వెనక ఉండే ఇనప పెట్టె అది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు దాని లివరు వేసిన గేరులోంచి దానంతటదే ఊడి వచ్చేస్తోంది. బండ్లు బాగుచేసే షెడ్డు మేస్త్రీ జీపు కిందకి తొంగి చూసి పెదవి విరిచాడు.

"దీన్ని విప్పడం దండగండీ. పాతసామాన్లకి వేసెయ్యండి. అయినా ఇంక మీరు బండి నడపబోతారా ఏమన్నానా?"

ఆ చివరి మాట పుండు మీద కారం చల్లినట్టయింది. మర్నాడు పొద్దున్నే వడ్రంగి జీపు కింద దూరాడు. జన్మలో గేరు విప్పి ఎరగడు. చక్రాలవైపు వెళ్లే షాఫ్టులు ఊడదీసి, పెట్టెని జాకీ మీదకి దింపి, గోనెపట్టా మీద ఈడ్చుకుంటూ ముందుగదిలోకి తెచ్చాడు. విప్పిన ప్రతి ముక్కనీ విప్పిన వరసలోనే పొడుగాటి చెక్క మీద పేర్చి, పక్కన సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. గదంతా నూనె కంపు.

"వంటింటి గడప దాటి ఒక్క పళ్లచక్రం లోపలికొచ్చినా, దాన్నే ఉడకబెట్టి మీకు వడ్డిస్తా," అంది భార్య.

"వడ్డించు. నమలలేకపోతే అప్పుడు చెబుతా."

అరిగిన గేరుకి బదులు కొత్తది, కొత్త బేరింగులు, నూనె కారకుండా ఆపే సీళ్లు తెప్పించాడు. అక్కడిదాకా బాగానే నడిచింది. చిక్కంతా మధ్య గేరు దగ్గర వచ్చింది. దాని బోలులో సూదుల్లాంటి ఉక్కు పుల్లలు చుట్టూ వరసగా నిలబడాలి. గ్రీజుతో వాటిని అంటించి, గేరుని పెట్టెలో నిలిపి, అది తిరిగే ఉక్కు షాఫ్టుని బయటినుంచి దూర్చాలి. ఒక చేత్తో గేరు పట్టుకుంటే షాఫ్టు దూర్చే చెయ్యి లేదు. బొటనవేలితో తోశాడు. పుల్లలన్నీ జలజలా రాలాయి. ఏరి, తుడిచి, మళ్లీ అంటించాడు. మళ్లీ రాలాయి.

చూడవచ్చిన తమ్ముడు ఉండబట్టలేక గేరు పట్టుకోబోయాడు.

"చెయ్యి తియ్యి."

"ఇది రెండు చేతుల పనన్నయ్యా. ఒప్పుకుంటే నీ సొమ్మేం పోతుంది?"

"రెండు చేతుల పనే. ఆ రెండోది నేను వెతుక్కుంటా."

విసురుగా లేచి పెరట్లో కొట్టంలోకి వెళ్లాడు. దెబ్బ తగిలినప్పటినుంచీ అటు అడుగు పెట్టలేదు. ఉలి, చిత్రిక దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. గట్టి కర్రముక్కని వైసులో బిగించి ఎడమచేత్తో చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. మొదటి ముక్క చీలింది. రెండోది వంకర పోయింది. ఎడమచెయ్యి ఎదురు తిరుగుతుంటే బూతులు తిట్టాడు గాని ఆపలేదు. చప్పుడు విని భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఏం చేస్తున్నారు?"

"షాఫ్టు."

"కర్రతోనా?"

"అది లోపలుండదు. అసలుది వచ్చేదాకా చోటు కాస్తుంది, అంతే."

ఆమె తలుపు పక్కన నిలబడి పొట్టు రాలడం చూసింది. ఆ ముక్కా పాడైతే ఇంకో కర్ర తనే అందించింది. దానికి మాత్రం అతను వద్దనలేదు.

ఉక్కు షాఫ్టంత లావు, గేరంత పొడుగు తేలాక, కర్రని గేరు బోలులో పెట్టి దాని చుట్టూ పుల్లలు నిలిపాడు. కర్ర వాటిని రాలనివ్వలేదు. గేరుని పెట్టెలో దించి, అసలు షాఫ్టుని పెట్టెకి ఒక పక్కనున్న కన్నంలోంచి మెల్లగా తోశాడు. అది లోపలికి జరిగినకొద్దీ రెండో కన్నంలోంచి కర్ర బయటికి వచ్చింది. పుల్ల ఒక్కటీ కదల్లేదు. తమ్ముడు వంగి చూసి, బయటపడ్డ కర్రని తీసి చెక్క మీద పెట్టాడు.

పెట్టె జీపుకి ఎక్కింది. వడ్రంగి బండి వెనక దుంగలు వేయించి, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చుట్టుదారి అయినా షెడ్డు ముందునుంచే పోనిచ్చాడు. మేస్త్రీ తలెత్తి చూస్తే హారను కొట్టాడు.

కొండ మొదట్లో కుడి బొటనవేలు స్టీరింగుకి తగిలించి, ఎడమచేత్తో లివరు లాగాడు. పడింది. ముందు చక్రాలు రాళ్లని పట్టుకున్నాయి. తమ్ముడు ఎదురుగా ఉన్న కడ్డీని గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బండి మూలుగుతూ ఎక్కింది గాని లివరు ఊడలేదు.

పైన ఆపి దిగారు. పెట్టె అడుగునుంచి నూనె చుక్కలుగా కారుతోంది.

"సీలు సరిగ్గా కూర్చోలేదన్నయ్యా. మేస్త్రీకి చూపిద్దామా?"

వడ్రంగి వంగి చుక్కని వేలితో తుడిచి చూశాడు.

"ఎందుకు? రేపు మళ్లీ దింపుతా. ఈసారి ఎక్కడ ఏముందో నాకు తెలుసు."