వార్తలాయన గొంతు

"పాత పేపర్లు... ఇనప సామాన్లు... ప్లాస్టిక్ డబ్బాలు... కొనబడును."

వీధి మలుపులో తోపుడుబండి మైకులోంచి ఆ మాట వినబడేసరికి వంటింట్లో ఆమె ఉలిక్కిపడింది. ఆ గొంతు సాక్షాత్తూ తన మొగుడిది! ముప్పై ఏళ్లు రేడియోలో వార్తలు చదివిన గొంతు. ఆయన చెబితేనే జనం నమ్మేవారు. వీధిలో ఇప్పటికీ ఆయన్ని వార్తలాయన అనే అంటారు. అలాంటి మనిషి, వరద వార్త చదివినంత గంభీరంగా పాత డబ్బాలు కొంటానంటున్నాడు.

"మతి ఉండే చేశారా ఈ పని?" అంటూ ఆయన మీదికి వెళ్లింది.

"అరిచి అరిచి ఆ బండబ్బాయి గొంతు బొంగురుపోయిందే పాపం. కాస్త చదివిపెడితే రికార్డు చేసుకుంటానన్నాడు, చదివాను."

"మన పరువు బండెక్కించారు కదండీ!"

పక్కింటావిడ కిసుక్కున నవ్వనే నవ్వింది. ఇక ఆమె అన్నయ్య, వంశప్రతిష్ఠ అంతా తన భుజాల మీదే ఉందనుకునే మనిషి, ఫోన్లో చిందులు తొక్కాడు. ఆమె ఏడ్చింది, సాధించింది. ఆయన చలించలేదు. అడగ్గానే ఇచ్చి, ఇప్పుడు తీసెయ్యమని ఏ మొహం పెట్టుకుని చెప్పనన్నాడు.

అంతలో ఆయన గొంతులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది.

ఇప్పుడాయన చప్పట్లు కొట్టి పిలుస్తాడు. మెడకి పెట్టిన గొట్టం శుభ్రం చేయడం, జావ కాచి పట్టడం, పక్క దులపడం... ఆ చాకిరీకి ఆమె నడుం విరిగిపోతోంది. అదైనా నయమే, ఇంట్లో ఆ నిశ్శబ్దమే మనిషిని పీల్చి పిప్పి చేస్తోంది. పెళ్లైన దగ్గర్నుంచీ "ఏమేవ్" అంటే చాలు విసుక్కునేది, ఇప్పుడా పిలుపుకే మొహం వాచిపోయింది. ఫోన్లో వెతికితే అన్నీ ఫొటోలే. ఉన్న రెండు వీడియోల్లోనూ గలగలా మాట్లాడింది తనే! రేడియోవాళ్లు ఏనాటి వార్తలు ఆనాడే వదిలేశారు, ఏదీ దాచలేదు. ఇక మిగిలింది ఆ బండి ఒక్కటే. రోజూ అది వచ్చే వేళకి ఏదో పనున్నట్టు గేటు దగ్గర నిలబడేది.

ఒకరోజు అన్నయ్య ఫోన్ చేశాడు. "అమ్మడూ, ఆ బండివాడికి గట్టిగా చెప్పాను. ఇక బావగారి గొంతు వినబడదు. నిశ్చింతగా ఉండు."

"నిన్నెవరడిగారన్నయ్యా?"

"అదేంటే, అప్పుడు ఏడ్చింది నువ్వేగా!"

నిజమే. ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు బండి చప్పుడు లేకుండా వచ్చింది. చెప్పులైనా వేసుకోకుండా ఎదురెళ్లింది.

"చెరిపేశావా?"

"చేతులు రాలేదమ్మా. ఆపి ఉంచానంతే. మీకు నామోషీ అని మీ అన్నగారు..."

"నామోషీ లేదు, గాడిదగుడ్డూ లేదు. పెట్టు!"

బండబ్బాయి మీట నొక్కాడు. గొంతు ఖంగున మోగింది. కిటికీ వెనక ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె గబగబా లోపలికెళ్లి చేతికందిన కుక్కరు తెచ్చి బండి మీద పెట్టింది.

"ఇది బాగానే ఉందిగా అమ్మా. ఇంకా వేడిగా ఉంది!"

"ఉంటే ఉంది. తూకం వెయ్యి. నెమ్మదిగా వెయ్యి."

అతను తక్కెడ అందుకుంటూ అలవాటుగా మైకు ఆపబోయాడు.

"ఆపకు," అందామె, గేటు పట్టుకుని మెట్టు మీద కూలబడుతూ. "ఇంట్లో ఇంకా బోలెడు సామానుంది."