బాడవ వైపు తిరిగిన బిఫిన్లు

రోజూ మధ్యాహ్నం టీ తాగాక కెజియా అటకెక్కి ఆపిల్ పళ్లు చూసుకునేది. వంటకే తప్ప కొరికి తినడానికి పనికిరాని పాతకాలపు రకం, బిఫిన్. అక్టోబర్లో కోసినప్పుడు రాయి; నోట పెడితే పళ్లు పులుస్తాయి. గడ్డి మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి ఓపిక పట్టాలి. ఫిబ్రవరికి తోలు నల్లెరుపెక్కుతుంది, లోపల తీపి ఊరుతుంది. రొట్టెల పొయ్యి చల్లారుతుంటే ఇనపరేకు కింద పెట్టి మగ్గిస్తే, అణిగి చదునవుతుందే గానీ తోలు చిట్లదు.

చలికాలంలో ఆ పళ్లు తమను తినాల్సినవాళ్ల వైపు తొడిమలు తిప్పుకునేవి. కెజియా పళ్లు సందు అవతలున్న చెల్లెలు థర్జా ఇంటివైపు తిరిగేవి. చెట్టు నాన్న అంటుకట్టింది. అంటుకి ఒక్క కొమ్మ ఇవ్వమని థర్జా అడిగితే కెజియా ఇవ్వలేదు. థర్జా నలుగురిలో "పిసినారి" అంది. పంతొమ్మిదేళ్లుగా మాటల్లేవు. కెజియా రోజూ ఒక్కో పండునూ వెనక్కి తిప్పేది.

"ఈ ఏడు ఎటు చూస్తున్నాయమ్మా?" అని పాలాయన ఏమస్ ఆవేళ పొద్దునే ఎగతాళి చేశాడు.

"ఎటు చూస్తే నీకెందుకయ్యా? పాలల్లో నీళ్లు తగ్గించు."

ఇప్పుడు అటక మీద పళ్లన్నీ థర్జా ఇంటికి వీపు పెట్టి, ఊరి పల్లంలోని చిత్తడినేల, రెల్లు బాడవ వైపు చూస్తున్నాయి. కెజియా ఒకదాన్ని తిప్పింది. చేతిలోనే అది మళ్లీ అటే తిరిగింది.

పొద్దున బాతు తప్పిపోయిందని థర్జా కేకలేస్తుంటే విని కిటికీ మూసింది. ఆ కేకలు ఎప్పుడు ఆగాయో తెలీదు.

కాయలు కోసే నిచ్చెన ఈడ్చుకుంటూ పరిగెత్తింది.

బాడవలో కాలవ మీది పల్చటి మంచు పగిలి, గుండెల్లోతు నీళ్లల్లో థర్జా రెల్లు పట్టుకుని ఉంది. పెదాలు నీలంగా.

"ఒసేయ్, నిచ్చెన పట్టుకో!"

"నీ నిచ్చెన నాకొద్దు."

"పంతం ఒడ్డెక్కాక పట్టుదువుగాని. పట్టుకోవే!"

"చేతులు రావట్లేదక్కా..."

కెజియా గట్టు మీంచి మంచు మీదికి నిచ్చెన వాల్చి, దాని మీద బోర్లా పాకింది. చంకలో చెయ్యి వేసి, బిఫిన్ కోసినట్టే, గుంజకుండా ఎత్తి కాస్త మెలితిప్పింది. బురద వదిలేసింది.

తన వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి దుప్పటి కప్పింది.

"పిసినారి దుప్పటి గరుగ్గానే ఉంది," అంది థర్జా, పళ్లు టకటకలాడుతుంటే.

"ఆ మాట నేను మర్చిపోలేదు," అని కెజియా అటకెక్కింది.

తొడిమలన్నీ కిందికి, వంటింటి వైపు తిరిగి ఉన్నాయి. అలవాటుగా చెయ్యి చాచి ఆగిపోయింది. ఏప్రన్ ఒడిలా ఎత్తిపట్టి పళ్లు వేసుకోసాగింది.

"ఎటు చూస్తున్నాయక్కా?" అని కింద నుంచి గొంతు.

"వస్తున్నాయి, కూర్చో."