కోసిన పడుగు

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. గ్రాంటు అడిగినవాళ్లు వచ్చి వెనక వరుసలో కూర్చోవచ్చు. తమ గురించి ప్యానెల్ ఏమనుకుంటుందో వినవచ్చు. నోరు మాత్రం విప్పకూడదు. తప్పు చెప్పినా దిద్దకూడదు, చులకన చేసినా లేవకూడదు. కౌంటీ కళల మండలి ప్యానెల్ సభ్యుడు తౌనో రింతలకి అక్కడ నచ్చిన పద్ధతి ఇదొక్కటే.

కోర్టు భవనం కింది అంతస్తులో మీటింగు. బయట నిన్నటి నుంచి సరస్సు మీంచి మంచు కొడుతూనే ఉంది. తౌనో ముప్పై ఏళ్లు ఈ కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. రిటైరయ్యాక, ప్యానెల్‌లో కళాకారుడు కానివాడు ఒకడుండాలి, వాడికి కాదనడం వచ్చి ఉండాలి అని కౌంటీ బోర్డువాళ్లు అతన్ని వేశారు. కాదనడం అతనికి ఎప్పుడూ కష్టం కాలేదు.

వెనక వరుసలో కోటు విప్పకుండా వెర్నా నిస్కల కూర్చుని ఉంది. అతను అటు చూడలేదు. ఉందని తెలుసు.

మూతపడిన పాత బడిలో నాలుగు గదులు అద్దెకు తీసుకుని వెర్నా నేత ఇల్లు నడుపుతోంది. పాత బట్టలు పేలికలుగా చింపి తివాచీలు నేసే పని. ఫిన్లాండు నుంచి వచ్చిన ముసలమ్మలు వెంట తెచ్చుకున్న విద్య. తౌనో భార్య సైమా అక్కడ కిటికీ పక్క మగ్గం మీద నేసేది. చివరగా మొదలుపెట్టింది తౌనో పాత యూనిఫాం చొక్కాలతో. ఖాకీ పట్టీ, నారింజ పట్టీ, మళ్లీ ఖాకీ. సగం దాకా వచ్చాక జబ్బు బయటపడింది. సైమా ఆస్పత్రిలో ఉండగా వెర్నా ఆ పడుగు, మగ్గానికి బిగించిన నిలువు పోగులు, కోసింది. సగం తివాచీని చుట్ట చుట్టి, పురికొస కట్టి, వాళ్ల గుమ్మం ముందు పెట్టి వెళ్లింది. సైమా ఇంటికొచ్చి చూసింది. "మగ్గం ఎవరికో కావాల్సొచ్చుంటుంది" అంది. ఆ తర్వాత నేత ఇంటి మాట ఎత్తలేదు. మంచు కరిగేలోపే పోయింది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. అది ఊరందరికీ తెలుసు. సైమా జబ్బు పడడానికి ముందటి ఏడు ఈ బల్ల దగ్గరే తౌనో అన్నాడు: "మగ్గాలు కొన్నది జనం డబ్బుతో. ఏ ఒక్కరి కోసమూ ఒక మగ్గం ఖాళీగా పడుండకూడదు. నెల దాటి ఆగిన పని తీసెయ్యాలి, నేర్చుకునేవాళ్లకు చోటివ్వాలి." గ్రాంటుకు దాన్ని షరతుగా పెట్టారు. షరతు తప్పితే డబ్బు వెనక్కివ్వాలి.

ఎవరైనా ఆ మాట తెస్తే తౌనో ఒకటే చెప్పేవాడు. "మాట నాది. కత్తెర ఆవిడది." మెల్లగా అందరూ తేవడం మానేశారు.

ప్యానెల్ పెద్ద డార్లీన్ ట్రెంబ్లే కళ్లద్దాలు సర్దుకుని మామూలుగా చదివే నాలుగు ముక్కలూ చదివింది. "తర్వాతది నేత ఇల్లు. ఈ సంస్థతో చుట్టరికం గానీ, డబ్బు సంబంధం గానీ, అందులో పదవి గానీ ఉన్నవాళ్లు బయటికెళ్లాలి."

ప్యానెల్‌లో ఇంకో ఆవిడ, లెంపి, లేచింది. వాళ్లమ్మాయి అక్కడ లెక్కలు రాస్తుంది. అల్లుతున్న మేజోడు సంచిలో కుక్కుకుని, వసారాలో కాఫీ ఉందో లేదో అని గొణుక్కుంటూ వెళ్లింది.

తౌనో కూడా లేచాడు.

"నువ్వెక్కడికి?" అంది డార్లీన్.

"బయటికి."

"నీకేం సంబంధం?"

"పగ."

బ్యాండు మేష్టారు ఎల్డో గాస్పరీని పకపకా నవ్వాడు. "అది ఆ కాగితంలో లేదు తౌనో. పగ ఉన్నవాళ్లందరూ లేచి బయటికెళ్తే ఈ కౌంటీలో పెళ్లిళ్లు కూడా జరగవు."

"నవ్వకు. ఆ మనిషి గురించి నేను సరిగ్గా మాట్లాడలేను. అది తెలిసీ కూర్చుంటే మోసం."

డార్లీన్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మన ఐదుగురిలో స్వాన్సన్ మంచులో ఇరుక్కున్నాడు, రాడు. లెంపి బయట ఉంది. నువ్వూ పోతే మేమిద్దరం. ముగ్గురు లేకపోతే అప్లికేషన్ వినడానికి లేదు. మళ్లీ వచ్చే ఏడే."

"వచ్చే ఏడు వినండి."

"అప్పటికి వినడానికేం ఉండదు. నీకు తెలుసు."

తెలుసు. అద్దెలో సగం ఈ గ్రాంటుతోనే కడతారు. అది లేకపోతే ఈస్టర్ నాటికి ఆ బడి భవనం అద్దెకిచ్చినవాళ్లు తాళం వేస్తారు. మగ్గాలు వేలానికి పోతాయి. కిటికీ పక్కది ఏ టూరిస్టు హోటలువాడో కొని దాని మీద పూలకుండీలు పెడతాడు.

తౌనో తలుపు పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వెళ్లిపోతే ఓటు వెయ్యక్కర్లేదు. ఒక్క చెడ్డమాట అనక్కర్లేదు. నిజాయతీగా తప్పుకున్నాడని డార్లీనే మినిట్స్‌లో రాస్తుంది. వెర్నా పని మాత్రం అయిపోతుంది. అది ఎంత తీపిగా ఉందో అతనికి తెలిసింది. తెలిసేసరికి ఒళ్లు మండింది, తన మీదే.

రోడ్ల శాఖలో కోస్కి అని ఒకడుండేవాడు. గిట్టనివాళ్ల ఇంటి దగ్గరికి రాగానే మంచు బండి బ్లేడు కాస్త తిప్పేవాడు. గుట్టంతా వాళ్ల గుమ్మం ముందు పడేది. అడిగితే, మంచు పక్కకు తొయ్యడం నా డ్యూటీ అనేవాడు. డ్యూటీయే. ఎవరూ ఏమీ అనలేకపోయారు. తౌనో వాడితో ఇరవై ఏళ్లు ఒకే షెడ్డులో పనిచేసి ఒక్క మాట మాట్లాడలేదు. వాడి శవాన్ని చూడడానికి కూడా వెళ్లలేదు.

వచ్చి కూర్చున్నాడు.

"స్వాన్సన్ చదవాల్సింది ఇది. ఇందాకటి అప్లికేషన్ ఎల్డో చదివాడు, ఈసారి వంతు నీది" అంటూ డార్లీన్ కాగితాలు అతని ముందుకు తోసింది.

తౌనో చదివాడు. మెప్పూ లేదు, తిట్టూ లేదు. ఎన్ని గదులు, ఎవరు నేర్పుతారు, ఎంత అడుగుతున్నారు. ఒక్కచోట ఆగాడు. "చలికాలం గదులు వెచ్చబెట్టే నూనె ఖర్చు తక్కువ వేశారు. ఆ గదుల సంగతి నాకు తెలుసు. కిటికీల సందుల్లోంచి మంచు లోపలికొస్తుంది. వేసినవాళ్లకు బుద్ధి లేదు."

వెనక కుర్చీ ఒకటి కిర్రుమంది. అంతే.

ఎల్డో గడ్డం గోక్కున్నాడు. "నాకొకటి అర్థం కాలేదు. పోయిన రెండేళ్లలో నేర్చుకోడానికి వచ్చేవాళ్లు సగానికి పడిపోయారు. జనానికి అక్కర్లేకపోతే మనం అద్దె కట్టడం ఎందుకు? నా బ్యాండు పిల్లలకు బాకాలే లేవు."

"ఆ అనుమానం నాకూ ఉంది" అంది డార్లీన్.

జవాబు తెలిసిన మనిషి వెనక వరుసలో ఉంది. చెప్పడానికి లేదు. ఆమె పెదవులు బిగించుకుని ఉంటుందని తౌనోకు అటు చూడకుండానే తెలిసింది. మాట్లాడకపోతే ఇది ఇక్కడితో ముగుస్తుంది. ఈసారి లేచి వెళ్లనక్కర కూడా లేదు.

"జనానికి అక్కర్లేక కాదు" అన్నాడు.

"మరి?"

"పేలికల తివాచీ నెలలో అవదు. సైమాకు శీతాకాలమంతా పట్టేది. చొక్కాలు ఏరాలి, చింపాలి, రంగులు కలుస్తాయో లేదో చూసుకోవాలి. మధ్యలో మనవడికి జ్వరం వస్తుంది, మోకాలు పట్టేస్తుంది. నెల దాటితే కోసేస్తారని తెలిశాక ఎవరు మొదలుపెడతారు? ముసలాళ్లు మానేశారు. నేర్పేది వాళ్లే. వాళ్లు లేకపోతే నేర్చుకునేవాళ్లు రెండు కాఫీకప్పుల కింది గుడ్డలు నేసుకుని పోతారు. మళ్లీ రారు."

"ఆ నెల షరతు పెట్టింది..." ఎల్డో ఆగిపోయాడు.

"నేను. మొహమాటపడకు."

"అయితే తీసేద్దామా?" అంది డార్లీన్.

"తీసేసి ఇంకోటి పెట్టు. మొదలుపెట్టినవాళ్లు బతికున్నంత కాలం, వాళ్లు నోటితో సరేననకుండా వాళ్ల పడుగు మీద కత్తెర పడకూడదు."

"బతికున్నంత కాలమా? ఎవరైనా మంచాన పడి ఐదేళ్లు లేవకపోతే?"

"ఐదేళ్లు ఆగుతుంది."

"జనం డబ్బుతో కొన్న మగ్గం, ఐదేళ్లు ఖాళీగా?"

"ఖాళీగా ఎందుకుంటుంది? దాని మీద ఒకరి పని ఉంటుంది." గొంతు పెరిగింది. తగ్గించుకున్నాడు. "రాసుకో డార్లీన్."

ఆమె రాసుకుంది. మూడు చేతులు లేచాయి. తౌనో చెయ్యి ఆఖరున లేచింది.

బయట కార్లు నిలిపేచోటికి వచ్చేసరికి మంచు తెరిపి ఇచ్చింది. అతని వెనకే అడుగులు వినిపించాయి.

"తౌనో."

అతను ఆగలేదు.

"తౌనో, ఆ రోజు నేను ఎందుకు..."

"లోపల నోరు మూసుకుని కూర్చున్నావుగా. బయట కూడా అలాగే ఉండు."

"నువ్వు మాకు గ్రాంటు ఇప్పించావు."

"మగ్గాలకిప్పించాను. నీకు కాదు."

వెర్నా వెనక్కి తగ్గలేదు. ముక్కు ఎర్రబడింది, చలికో దేనికో. "ఆ తివాచీ ఉందా? ఉంటే పడుగు మళ్లీ ముడెయ్యొచ్చు. కొత్త పోగులు కట్టి, ఆగినచోటి నుంచి నెయ్యొచ్చు. నేను కడతాను."

"దాని మీద నీ చెయ్యి పడకూడదు."

ఆమె తలూపి తన కారు దగ్గరికి వెళ్లింది. అంతలో కౌంటీ మంచు బండి వచ్చి పోయినట్టుంది, ఆ వరుసలోని కార్ల వెనక నడుమెత్తు గుట్ట. వెర్నా ఇంజను స్టార్ట్ చేసింది. చక్రాలు అక్కడే గిర్రున తిరిగాయి.

తౌనో కాసేపు చూశాడు. ట్రక్కులోంచి పార తీసి, గుట్ట తవ్వి పక్కకు పోశాడు. ఆమె అద్దం దించి ఏదో అంది. అతను తలెత్తలేదు. కారు వెనక్కొచ్చి, మలుపు తిరిగి పోయింది.

లెంపి సంచి చంకన పెట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. అంతా చూసినట్టే ఉంది.

"నిజమేనా అది?" అన్నాడు తౌనో. "కోసిన పడుగు మళ్లీ కట్టొచ్చా?"

"కట్టొచ్చు. పోగుకు పోగు. నడుం విరుగుతుంది."

"నీకు వచ్చా?"

"వచ్చు. నీకూ నేర్పుతాను. కానీ తౌనో, వంటింటి బల్ల మీద అయ్యే పని కాదది. మగ్గం కావాలి."

రెండేళ్లుగా ఆ చుట్ట బీరువా అడుగున పురికొసతో అలాగే ఉంది. అయిపోయిందనుకున్నాడు. అయిపోయిందనుకునే ఇన్నాళ్లూ వెర్నాను అసహ్యించుకున్నాడు. అయిపోకపోతే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

"ఆవిడ ఏ రోజు ఉండదు అక్కడ?" అన్నాడు.

"బుధవారం. తాళంచెవి మా అమ్మాయి దగ్గర ఉంటుంది."

తౌనో పార దులిపి ట్రక్కులో పడేశాడు.