ముంగిసకు బీమా

మా మల్సూరు కారు బీమా గడువు ఇంకో నాలుగు రోజుల్లో తీరిపోతుందని తెలిసినప్పుడు నేను లోలోపల సంతోషపడ్డాను. కన్నతల్లి ఇట్లా అనుకుంటుందా అని మీరు అనవచ్చు. అనుకున్నాను, దాచి ఏం లాభం. బీమా కాగితం లేకపోతే వాడు బండి తీయడు. బండి తీయకపోతే నా కొడుకు ఏ లారీ కిందా పడకుండా పొద్దూకేసరికి ఇంట్లో ఉంటాడు.

నాకు వాడొక్కడే. పెద్ద యుద్ధంలో మిలిటరీ లారీ తోలడానికి బర్మా పోయి, ఎడమకాలు మోకాలి పైదాకా అక్కడే వదిలిపెట్టి వచ్చాడు. రెండేళ్ళు సూర్యాపేటలో మా ఇంటి అరుగు మీద కర్ర పక్కన పెట్టుకొని కూర్చున్నాడు. పిలిస్తే పలికేవాడు కాదు. ఒకనాడు ఎడ్లబండికి తాళ్ళతో కట్టి ఒక పాత కారును ఈడ్చుకొచ్చాడు. ఎవరో జాగీర్దారు కొడుకు పందేల కోసం కొన్న రెండు సీట్ల కారట. వాళ్ళ గొడ్లకొట్టంలో పడి ఉంటే అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయట. నేలకు జానెడు ఎత్తు కూడా లేదు.

ఎనిమిది నెలలు వాడు దాని కిందనే పడుకున్నాడు. మిలిటరీ వేలంలో కొన్న జీపు ఇంజను అందులో దింపాడు. పక్క సీటు తీసేసి పనిముట్ల పెట్టె బిగించాడు. ఎడమకాలితో తొక్కవలసిన క్లచ్చిని చేతి కిందికి తెచ్చాడు. గేరు కడ్డీకి సైకిలు బ్రేకు వంటి పట్టు ఒకటి పెట్టి, దాన్ని నొక్కితే ఇనుప తీగ లాగి క్లచ్చి పనిచేసేటట్టు చేశాడు. ఎవరు నేర్పారు వాడికి? చదివింది నాలుగో తరగతి. ఆ బండి మొదటిసారి గుర్రుమన్ననాడు నేను ఇంట్లోకి పోయి తలుపు వేసుకొని ఏడ్చాను. భయంతోనా సంతోషంతోనా అంటే ఇప్పటికీ చెప్పలేను. పొడవుగా, నేలబారుగా ఉరుకుతుందని మా వాడ పిల్లలు దానికి ముంగిస అని పేరు పెట్టారు.

బెజవాడ రోడ్డు మీద ఎక్కడ లారీ ఆగిపోయినా ఇప్పుడు మల్సూరుకే కబురు వస్తుంది. కోదాడ వైపు పోవాలంటే నడుమ మునగాల పరగణా దాటాలి. చుట్టూ నైజాము, అది ఒక్కటి ఇంగ్లీషువాళ్ళ కింద ఉన్న కృష్ణా జిల్లా. అక్కడి పోలీసులు బండి ఆపి బీమా కాగితం అడుగుతారు. పోయిన ఏడాది బీమా రాసిన హైదరాబాదు ఏజెంటు దుకాణం ఎత్తేసి పోయాడు. అందుకని కొత్తగా ఎవరితోనైనా రాయించుకోవాలి. మా సూర్యాపేటలో ఒకరు, కోదాడలో ఒకరు, మిర్యాలగూడలో ఒకరు ఉన్నారని, ముగ్గురినీ అడిగి ఏది మేలైతే అది తీసుకుందామని మల్సూరు బయలుదేరాడు. నేనూ ఎక్కాను. నేను లేకుండా ఈ ఏడాదిలో వాడిని ఒక్కసారి కూడా పంపలేదు. పనిముట్ల పెట్టె మీద గోనెసంచి వేసుకొని కూర్చుంటాను. పడితే ఇద్దరం పడదామని.

పేటలో మంగయ్యది బట్టల కొట్టు. లారీలకు బీమా కూడా రాస్తాడు. మమ్మల్ని చూసి బయటికి వచ్చాడు.

"ఏందక్కా, ముంగిస మీద ఊరేగుతున్నవా?"

"ఊరేగుడు గాదు మంగయ్యా, పానం గుప్పిట్ల పట్టుకొని కూసున్న."

మంగయ్య బానెట్టు ఎత్తించి చూశాడు. "గిది జీపా, కారా?"

"రెండూనే అన్నా" అన్నాడు మల్సూరు.

"ఫారంల రెండూ అని రాసే జాగ లేదు తమ్మీ." లోపలికి పోయి కూర్చున్నాక కర్ర వైపు చూశాడు. "నువ్వే తోలుతవా? ఎప్పుడన్న ఏమన్న అయిందా?"

మల్సూరు నోరు తెరిచే లోపల నేను అందుకున్నాను. "ఎందుకు గాలేదు! చివ్వెంల కాడ బర్రె అడ్డమొచ్చింది. టేకుమట్ల వంతెన మీద ఎదురుంగ లారీ మీదికొచ్చింది. వానల టైరు జారి బండి గింత పక్కకు పోయింది. నా గుండె ఆగిపోయిందనుకున్న."

మంగయ్య కలం కిందపెట్టాడు. "కన్నతల్లే గిట్ల చెప్తే నేనెట్ల రాస్త? నాతోని గాదు తమ్మీ."

బయటికి వచ్చాక మల్సూరు నా వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వు నా దిక్కా, కంపెనీ దిక్కా?"

"నీ పానం దిక్కు" అన్నాను. వాడు బండి తీశాడు.

కోదాడలో గోపయ్య గారిది ఆంధ్ర మాట. కుర్చీ వేయించాడు, చాయ తెప్పించాడు. బండిని చూడను కూడా లేదు. "అరవై రూపాయలు ఇప్పించండి, సాయంత్రానికి రసీదు మీ చేతిలో ఉంటుంది" అన్నాడు.

పోయిన ఏడాది మేము కట్టింది అరవై రెండు. అగ్గువే కదా అని నేను అనుకుంటుండగానే మల్సూరు నా చెవిలో చెప్పాడు. "అవి కల్దార్లు అవ్వా, ఇంగ్లీషోళ్ళ రూపాయలు. మన నైజాం హాలీల డెబ్బై." తర్వాత గోపయ్య గారితో అన్నాడు. "ఇంజను మార్చిన. క్లచ్చి చేతికి పెట్టిన. నాకు ఒక కాలు లేదు. అన్నీ రాస్తరా?"

"అవన్నీ ఎందుకయ్యా రాయటం? మామూలు కారు, మామూలు డ్రైవరు అని రాసేద్దాం. ఫారం కాళ్ళు లెక్కపెట్టదు."

"ఎవరినన్న గుద్దితే?" అని నేను అడిగాను.

"గుద్దడు లేమ్మా."

"గుద్దితే?"

"కంపెనీ వాళ్ళు వచ్చి విచారిస్తారు."

"విచారిస్తే కాలు లేదని కనవడదా?"

గోపయ్య గారు చాయ తాగడం మొదలుపెట్టాడు. సాసరు ఖాళీ అయినా ఇంకా ఊదుతూనే ఉన్నాడు.

మల్సూరు లేచి నిలబడ్డాడు. "వద్దయ్యా. నా బండి కింద ఎవడి కాలన్న పోతే వానికి నాలుగు పైసలు ముట్టాలె, అందుకే గదా గీ బీమా. కాయితం సక్కగ లేదని నా కాలు పోయినప్పుడు మిలిటరోళ్ళు నన్నెంత తిప్పిండ్రో నాకెరుక. ఇంకొకన్ని నేను తిప్ప."

వాడి మాట విని నా ఒళ్ళు పులకరించింది. యుద్ధానికి పోయిన కొడుకు పోయినవాడి కంటే పెద్దవాడై తిరిగివచ్చాడని ఆ కుర్చీలో కూర్చొని నాకు తెలిసింది. అయినా నా బుద్ధి చూడండి, ఇద్దరైపోయారు, ఇక ఒక్కడే మిగిలాడు, వాడూ కాదంటే బాగుండునని మనసులో మొక్కుకున్నాను.

మల్సూరు బండిని హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దారి పట్టించాడు. ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం తీసేవాడు, ఆనాడు తీయలేదు. మూసీ దాటే చోట జానెడు లోతు నీళ్ళున్నాయి. ముందు పోయిన ఎడ్లబండి ఇసుకలో కూరుకొని ఉంది. వాడు బండి ఆపి, కర్ర ఊతంతో నీళ్ళలోకి నడిచి, ఎక్కడ గట్టిగా ఉందో కర్రతో పొడిచి చూసుకున్నాడు. తర్వాత ఆ బండివాడికి ఇసుక తీయడానికి పార ఇచ్చి, చక్రం కింద గోనెసంచి వేసి, ఎడ్లు కదిలేదాకా నిలబడ్డాడు. ఆ సంచి నాదే. ఎడ్లబండి ఒడ్డెక్కాక ముంగిసను నీళ్ళలో దింపాడు. ఎడమచెయ్యి క్లచ్చి పట్టు మీద, కుడిచెయ్యి స్టీరింగు మీద. పాలు పొంగకుండా మంట తగ్గించే ఆడదాని చెయ్యి ఎట్లా కదులుతుందో, ఆ పట్టు మీద వాడి వేళ్ళు అట్లా కదిలాయి. ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఒడ్డుకు చేరాక నెమ్మదిగా అన్నాడు. "మిర్యాలగూడల గూడ గాదంటే ముంగిసను అమ్మేస్తనే అవ్వా. ఇగ అరుగు మీదనే కూసుంట. నీకు నిమ్మళమైతది."

నాకు నిమ్మళం కాలేదు. ఆ అరుగు గుర్తుకు వచ్చింది. రెండేళ్ళు అన్నం పళ్ళెం ముందు పెడితే ఈగలు ముసిరేదాకా చూడని కొడుకు గుర్తుకు వచ్చాడు. లారీ కింద పడతాడని భయపడ్డానే గాని, ఆ అరుగు మీదనే అయిపోతాడని ఎన్నడూ భయపడలేదు. అన్ని భయాలు పడే నేను ఈ ఒక్కటి ఎట్లా మరిచానో తెలియదు.

మిర్యాలగూడలో మత్తయ్య పంతులు మిషను బడిలో ఇరవై ఏళ్ళు పాఠం చెప్పి మానేసిన మనిషి. కళ్ళజోడుకు ఒక పక్క దారం కట్టుకున్నాడు. చాయ లేదు, కుర్చీ లేదు. ధోవతి ఎగగట్టి నేల మీద కూర్చొని, బండి కింద చూశాడు. క్లచ్చి పట్టు తానే నొక్కి చూశాడు.

"తీగ తెగితే?" అన్నాడు.

ఏడాదిగా నన్ను నిద్రపోనివ్వని మాట అది. నోటితో అంటే నిజమవుతుందని ఎన్నడూ అడగలేదు.

"రెండో తీగ ఉంది పంతులూ. ఒకటి తెగితే ఇంకోటి పట్టుకుంటది" అని మల్సూరు చూపించాడు. మొదటి తీగ వెనుక, నూనె పూసి, తోలు చుట్టిన ఇంకొక తీగ. నాకు చెప్పనే లేదు.

పంతులు లేచి మట్టి దులుపుకున్నాడు. "బండి సంగతి రాస్త. కాలు సంగతి గూడ రాయాలె. ఒంటి కాలుతోని ఎట్ల తోలుతడని కంపెనీ అడుగుతది. నీ బండిల కూసున్నోళ్ళెవరన్న ఉన్నరా?"

"మా అవ్వ ఉన్నది. ఏడాది సంది ఒక్కపారి గూడ దిగలే" అన్నాడు మల్సూరు. అని నా వైపు చూడకుండా తల వంచుకున్నాడు. పేటలో నేను అన్న మాటలు వాడి చెవిలో ఇంకా ఉన్నాయి కాబోలు.

పంతులు నా ముందుకు వచ్చాడు. "చెప్పమ్మా. ఎప్పుడెప్పుడు భయపడ్డవు?"

"ఎప్పుడెప్పుడంటే ఏం చెప్పాలె పంతులూ? నేను పొద్దుగాల లేసుడే భయంతోని లేస్త."

పంతులు నవ్వలేదు. బడిలో పిల్లను అడిగినట్టే అడిగాడు. "ఒక్కొక్కటి చెప్పు. తొందర లేదు."

"చివ్వెంల కాడ బర్రె అడ్డమొచ్చింది."

"తర్వాత?"

"ఆపిండు."

"ఇంకా?"

"వంతెన మీద లారీ మీదికొచ్చింది."

"తర్వాత?"

"పక్కకు తీసి ఆపిండు."

"ఇంకా?"

"వానల టైరు జారింది. గింత పక్కకు పోయింది. తర్వాత... ఆపిండు. మునగాల కాడ ఒక పిల్ల బంతి ఎనుక ఉరికింది, అప్పుడు నేను కెవ్వుమన్న."

"తర్వాత?"

"నేను కెవ్వుమనకముందే ఆపిండు."

"ఎవరికన్న దెబ్బ తాకిందా?"

"ఒక కోడి..."

"సచ్చిందా?"

"లేదు. దాని ఈకలు కొన్ని బండికంటినయి."

ఏడాదిపాటు కూడబెట్టుకున్న భయాలన్నీ ఒకటొకటిగా ఆ మనిషి ముందు పెట్టాను. ప్రతి దాని చివర నా కొడుకు చెయ్యే ఉంది. పేటలో సగం చెప్పి ఊరుకున్నాను. తర్వాత ఏమైందని మంగయ్య అడగలేదు, నేను చెప్పలేదు.

"భయం నాది పంతులూ. తప్పు వానిది గాదు" అన్నాను.

పంతులు లోపలికి పోయి ఫారం తెచ్చి, కూడి, కొట్టివేసి, మళ్ళీ కూడాడు. "హాలీల ఎనభై ఐదు."

"ఎనభై ఐదా! కోదాడల డెబ్బయ్యే అన్నరు గదా?"

"కోదాడల ఎన్ని కాళ్ళు రాస్తమన్నరు?"

"రెండు."

"లేని కాలుకు పదిహేను ఎక్కువ తల్లీ. నేను ఉన్నదున్నట్టు రాస్త. రేపు ఏమన్న అయితే కంపెనీ కాదననీకి ఉండదు."

మల్సూరు నా వైపు చూశాడు. ఆ చూపులో అడగడమే ఉంది, బతిమాలడం లేదు. నేను కొంగున కట్టుకున్న పైసలు విప్పి వాడి చేతిలో పెట్టాను.

పంతులు ఇంకొక కాగితం నా ముందు పెట్టాడు. బండిలో కూర్చున్న మనిషి తన చేతితో రాసి సంతకం చేయాలట. నేను చదివింది మూడో తరగతి. పెండ్లయినప్పటి నుంచి పాలవాడి గీతలు తప్ప ఏమీ రాయలేదు. కలం పట్టుకుంటే చెమట పట్టింది. ఒత్తులు ఎక్కడ పెట్టానో ఆ దేవుడికే తెలియాలి. 'నా కొడుకు మల్సూరు కారు నేను ఏడాది ఎక్కినాను. ఎన్ని అడ్డం వచ్చినా ఆపినాడు. ఎవరికీ దెబ్బ తాకలేదు.' అంతే రాసి కింద వీరమ్మ అని పెట్టాను. తర్వాత మనసు ఒప్పక పంతులును అడిగాను.

"ఇంకొకటి రాయాలె పంతులూ. జర జోరుగ ఉరికిస్తడు. అది దాస్తే అబద్ధమైతది గదా?"

"రాయొచ్చమ్మా. ఇంకో పది రూపాయలు పడ్తయి."

"అయితే ఇంటికి పోయినంక నేనే చెప్పుకుంట" అని కలం ఇచ్చేశాను.

పంతులు అప్పుడు నవ్వాడు, దారం కట్టిన కళ్ళజోడు జారేదాకా. మల్సూరు నవ్వలేదు. నేను రాసిన కాగితాన్ని చేతిలోకి తీసుకొని చదివాడు. మూడే ముక్కలు, అయినా చాలాసేపు పట్టింది.

"అవ్వా, గివన్నీ సూసినవా? కండ్లు మూసుకొని కూసున్నవనుకున్న."

"ఒక్క కన్నే మూసుకున్న బిడ్డా" అన్నాను.