భుజం వెనక అతుకు

తొమ్మిదేళ్లుగా నాకు ఒకటే కల. మధ్యాహ్నం కుట్టుమిషను మీద తల వాల్చినా చాలు, వచ్చేస్తుంది. పత్తి చేను, మంచు, ఎటు చూసినా తెలుపు. ఆ తెలుపులో ఆకుపచ్చ గళ్ల చొక్కా ఒకటి నాకు వీపు చూపిస్తూ పరుగెడుతుంటుంది. ఎడమ భుజం వెనక నేను వేసిన అతుకు. కాళ్ల చప్పుడు ఉండదు. "ఇటు తిరుగురా!" అని అరుస్తాను. తిరగడు. మెలకువ వచ్చేసరికి నోరెండిపోయి ఉంటుంది, దారపుండ గది మూలకు దొర్లిపోయి ఉంటుంది.

ఆ చొక్కా ఎవరిదో నాకు తెలుసనుకున్నాను. కోర్టులో ప్రమాణం చేసి మరీ చెప్పాను. నా మాట మీదే వాడికి యావజ్జీవం పడింది.

మాది ఖానాపూర్ దగ్గర చిన్న ఊరు. మా చర్చిలో ఓ పద్ధతుంది. క్రిస్మస్‌కు సంఘమంతా కలిసి ఒకటే గుడ్డ తాను తెప్పిస్తారు. మగవాళ్లందరికీ ఆ గుడ్డతోనే చొక్కాలు. ఆ ఒక్కరోజైనా ఎవడు ఉన్నవాడో ఎవడు లేనివాడో తెలియకూడదని. కుట్టేది నేనే. ఆ ఏడు ఆఖరి చొక్కాకు గుడ్డ చాల్లేదు. ముక్క కలిపి, భుజం వెనక అతుకు వేశాను. అది స్టీఫెన్ చొక్కా. మా ఆయన ఏలియాకు వాడు వరసకు తమ్ముడి కొడుకు. వాళ్లమ్మ లిడియా ఆ చొక్కా పట్టుకుని మా వాకిట్లోకి ఉరికొచ్చింది.

"ఊరందరికి సక్కగ కుట్టి, నా కొడుక్కే అతుకేస్తివా అక్కా? గెట్టు కాడి పగ గుడ్డ మీద తీర్సుకుంటున్నవా?"

అప్పటికే రెండిళ్ల మధ్య చేని హద్దు గెట్టు తగాదా నడుస్తోంది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. "తొడిగితె తొడుగు, లేకుంటె పొయ్యిల వెట్టుకో!" అన్నాను. చొక్కా నా మొహాన విసిరికొట్టి పోయింది.

మా మరిది సుధాకర్ మెత్తని మనిషి. చొక్కా తీసి దులిపాడు. "పండుగ పూట లొల్లెందుకు వదినె? నేను మంచిగ చెప్పి ఇచ్చొస్త" అని బయలుదేరాడు. అంతకుముందే నా దగ్గర తీసుకున్న తన చొక్కా కూడా చంకలోనే ఉంది. నేను పట్టించుకోలేదు.

పండుగైన మూడో రోజు గెట్టు రాయి జరిపారని మళ్లీ గొడవ లేచింది. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. తెల్లారి నేను సద్ది పట్టుకుని చేనికి పోయేసరికి, మంచులో మా ఆయన కింద పడి ఉన్నాడు. మీద గొడ్డలెత్తి స్టీఫెన్ వాళ్లన్న ప్రేమ్‌చంద్. వాడి ముఖం చూశాను. ఇంకొకడు నాకు వీపు చూపిస్తూ అటే పరుగెడుతున్నాడు. భుజం వెనక అతుకు. అంతే, కళ్లు తిరిగి పడిపోయాను. తెలివొచ్చేసరికి మా ఆయనా, మరిదీ ఇద్దరూ వెల్లకిలా ఉన్నారు, మీద దుప్పట్లు కప్పేశారు.

స్టీఫెన్ ఆ పొద్దున ఇచ్చోడలో పత్తి లారీ దించుతున్నాడని లిడియా మొత్తుకుంది. కానీ చొక్కా కోసం పోలీసులు వస్తున్నారని తెలియగానే దాన్ని కాల్చేసింది. తప్పు లేకపోతే ఎందుకు కాలుస్తుంది అన్నారంతా. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

మొన్న నిర్మల్ నుంచి మా వకీలు వాహెద్ గారు కబురు పెట్టారు. శిక్ష పడిన అన్నదమ్ములిద్దరూ హైకోర్టులో వేసిన అప్పీలు ఇన్నాళ్లకు విచారణకు వచ్చిందట.

"నిన్ను మల్ల బోనుల నిలవెట్టరమ్మా, ఫికర్ జెయ్యకు. గీ అప్పీల్ల కాయితాలే సూస్తరు. జర ఒకపారి సదివి వినిపిస్త, అంతే" అన్నారు.

బయట సన్నగా వాన. పైన ఫ్యాను. ఆయన శవ పంచనామా చదువుతుంటే నా కళ్లు మూతలు పడ్డాయి. మళ్లీ అదే చేను, అదే మంచు, అదే చొక్కా. ఆయన గొంతు ఎక్కడో గెట్టు అవతల నుంచి వినిపిస్తున్నట్టుంది.

"మృతుడు సుధాకర్. ఒంటిపై ఆకుపచ్చ గళ్ల చొక్కా. వెనుక వైపు ఎడమ భుజము వద్ద అతుకు కలదు..."

కలలో వాడు ఇటు తిరిగాడు. సుధాకర్. "వదినె, అన్నను కొడుతున్నడు!" అన్నాడు, మళ్లీ పరుగెత్తాడు.

ఉలిక్కిపడి లేచాను. "మల్ల సదువుండ్రి వకీల్ సాబ్" అన్నాను. ఆయన చదివారు. చంకలో రెండు చొక్కాలతో పోతున్న మరిది కళ్ల ముందు మెదిలాడు. మంచిది ఆ పిల్లాడికిచ్చి అతుకుది తాను తొడుక్కున్నాడు. చెప్పనైనా చెప్పలేదు; పండుగంతా చలికి శాలువా కప్పుకునే తిరిగాడు. అయ్యో దేవుడా! అన్నను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నవాణ్ని వెనక నుంచి చూసి, హంతకుడని నేను చెప్పాను.

"నేనేసింది ఒకటే అతుకు సాబ్. ఆ ఉరికినోడు నా మరిది. స్టీఫెన్‌ను నేను సూడలే. రాయుండ్రి."

వాహెద్ గారు లేచి తలుపు దగ్గరగా వేశారు. "సోంచాయించమ్మా. ఆ పొద్దు ప్రమాణం జేసి చెప్పినవు. గిప్పుడు మాట మారిస్తె నీ మీదనే కేసు కావచ్చు. ప్రేమ్‌చంద్ గూడ దీన్నే పట్టుకొని బయటపడ్తడేమో. ఏలియాను సంపినోడు నీ ముంగట తిరుగుతుంటె సూస్తవా?"

వాడు బయటికొస్తే నేను బతకలేను, అది నిజం. కాయితాలు ఆయన ముందుకు జరిపాను.

"ప్రేమ్‌చంద్ మొకం నేను సూసిన. అది గూడ రాయుండ్రి. ఇది గూడ రాయుండ్రి" అన్నాను. రాసినదాని కింద సంతకం పెట్టాను.

ఊళ్లో బస్సు దిగి ఇంటికి పోలేదు. గెట్టు దాటి నేరుగా లిడియా వాకిట్లోకి పోయాను. ఆమె కందులు చెరుగుతోంది. జుట్టంతా తెల్లబడింది. నిలబడే చెప్పాను, దాచకుండా అంతా చెప్పాను. చేట ఆగిపోయింది.

"నీ మరిది మంచి చొక్కా తెచ్చిచ్చిండు" అంది. "వదినె మల్లొకటి కుట్టిందన్నడు. గా పూట నిన్ను తిట్టుకున్నందుకు ప్రార్థనల ఏడ్సిన. కోర్టుల గిదే చెప్తె, చొక్కా కాలవెట్టినంక ఎవ్వలు నమ్మలే."

"మరి దాన్ని ఎందుకు కాలవెడితివే? సూపిస్తె నీ కొడుకును ఇడిసిపెడుదురు గదా!"

లిడియా నా ముఖంలోకి చూసింది.

"పోలీసులొస్తున్నరంటె కాళ్లు సేతులు ఆడలే అక్కా. నువ్వన్న మాటనే యాదికొచ్చింది. పొయ్యిల వెట్టుకో అంటివి గదా."